కాలేజీ లైబ్రరీలో ఈ-రిసోర్సులు, వెబ్‌సైటు రెండూ ఒక్కరి నెత్తినే పడితే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివాను. ఒడిశాలో గుణుపురం వైపు ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో లైబ్రరీ ఇన్‌ఛార్జిగా కొత్తగా చేరారు. ఉన్నవల్లా ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక అటెండరు. నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) బృందం వచ్చేలోగా "ఈ-లైబ్రరీ" పెట్టాలని, లైబ్రరీకి సొంత వెబ్‌సైటు కూడా ఉండాలని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఈలోగా ఒక కంపెనీ మనిషి వచ్చి సాఫ్ట్‌వేరు, సైటు, జర్నళ్లు అన్నీ కలిపి లక్షల్లో కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. తీసుకోవాలా వద్దా, ముందు ఏ పని పట్టుకోవాలి అని అడిగారు.

ఇప్పుడేమీ కొనకండి. ఆ కొటేషన్ ఫైల్లో పెట్టేయండి. ముందు మీ కాలేజీకి ఎన్-లిస్ట్ (కాలేజీలకు తక్కువ రుసుముకు ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు ఇచ్చే పథకం) సభ్యత్వం నడుస్తోందో ఆగిపోయిందో చూడండి. నడుస్తుంటే ప్రతి విద్యార్థికీ పనిచేసే లాగిన్ ఇప్పించండి. ఆ తర్వాత పాత ప్రశ్నపత్రాలు స్కాన్ చేసి ఫోన్లో తెరుచుకునేలా పెట్టండి. మీకు కావలసిన వెబ్‌సైటల్లా ఈ రెండింటికీ దారి చూపే ఒక్క పేజీ. అదీ కాలేజీ సైటులోనే. పుస్తకాల కేటలాగు పక్కన నెమ్మదిగా సాగుతుంటుంది, దానికి తొందర లేదు.

నేను పక్కనే గజపతి జిల్లాలో ఒక కాలేజీ లైబ్రరీ చూస్తున్నాను, ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది. చుట్టుపక్కల కాలేజీల వాళ్లు లింకు తెరుచుకోకపోతే, లాగిన్ పోతే ఫోన్ చేస్తుంటారు. అందుకని మీ దగ్గర ఏం జరుగుతుంటుందో కొంత తెలుసు.

మన కాలేజీల్లో ఈ-రిసోర్సులకు కొదవ లేదు. అవి పిల్లల దాకా రావడం లేదు, అంతే. గాంధీనగర్‌లో యూజీసీ కింద పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2010 నుంచి ఎన్-లిస్ట్ నడుపుతోంది. యూజీసీ చట్టంలోని 2(ఎఫ్), 12(బి) గుర్తింపు ఉన్న ఎయిడెడ్ కాలేజీలకు చాలా ఏళ్లుగా ఏడాదికి 5,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే రుసుము. ఆ డబ్బుకు 6,000కు పైగా జర్నళ్లు, దాదాపు రెండు లక్షల ఈ-పుస్తకాలు వస్తాయి. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ మేష్టార్లు అడిగే 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' కూడా అందులో ఉంటుంది. మన వైపు చాలా కాలేజీలు ఈ రుసుము క్రమం తప్పకుండా కడతాయి, రసీదు నాక్ ఫైల్లో పెడతాయి. లాగిన్లు మాత్రం పాత ప్రిన్సిపాల్‌కి, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లకి తప్ప ఎవరికీ ఉండవు.

పెద్ద జర్నళ్ల సంగతికొస్తే, 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకు అందుతాయి. దీన్ని కూడా ఇన్‌ఫ్లిబ్‌నెట్టే చూస్తుంది. మీది ఎయిడెడ్ కాబట్టి సంస్థల జాబితాలో మీ కాలేజీ పేరు ఉందో లేదో పోర్టల్లో మీ కళ్లతో చూసుకోండి, ఎవరో చెప్పింది పట్టుకోకండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీకొచ్చిన కొటేషన్లో "అంతర్జాతీయ జర్నళ్ల ప్యాకేజీ" అని ఒక లైను ఉండే ఉంటుంది. అందులోని పేర్లను ఈ రెండు జాబితాలతో పోల్చి చూడండి. ఇలాంటి ప్యాకేజీ జాబితాలు నాకు చూపించిన ప్రతిసారీ సగానికి పైగా ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగే ఓపెన్ యాక్సెస్ జర్నళ్లే కనిపించాయి. వాటికి డీఓఏజే అనే ఉచిత డైరెక్టరీ 2003 నుంచే ఉంది. ఉచితంగా దొరికేదాన్ని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారన్నమాట.

లాగిన్ల పని ఈమెయిల్ దగ్గర చెడుతుంది. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ ట్రైనింగులోనూ దీని గురించి మాట్లాడరు.

ఎన్-లిస్ట్‌లో కాలేజీ అడ్మిన్ అందరి పేర్లు ఎక్సెల్ షీటులో ఒకేసారి ఎక్కించవచ్చు. ప్రతి ఒక్కరికీ వాళ్ల ఈమెయిల్‌కి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వెళ్తాయి. చదవడానికి తేలిగ్గానే ఉంది. మన పిల్లలు ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో, సామ్స్ అనే ఒడిశా ఆన్‌లైన్ అడ్మిషన్ పద్ధతి ద్వారా చేరతారు కదా, ఆ ఫారం ఎవరు నింపుతారు? బస్టాండు దగ్గర నెట్ సెంటర్ కుర్రాడు. ఒక ఏడాది అడ్మిషన్ సెక్షన్ నుంచి ఫస్టియర్ జాబితా నా దగ్గరికి వచ్చింది. ఎక్కించే ముందు ఈమెయిల్ వరుసను సార్ట్ చేసి చూస్తే ఒకే జీమెయిల్ చిరునామా పేజీ నిండా పరుచుకుని ఉంది. ఆ నెట్ సెంటర్ వాడిదే. ఇంకొన్ని పిల్లల పేరుతోనే ఉన్నాయి కానీ పాస్‌వర్డ్ ఆ కుర్రాడికి తప్ప పిల్లలకు తెలియదు. ఆ జాబితా ఉన్నదున్నట్టు ఎక్కిస్తే మీ కాలేజీ పాస్‌వర్డ్లన్నీ బస్టాండులో ఉంటాయి.

కాబట్టి లైబ్రరీ కార్డు ఇచ్చే రోజే ఈమెయిల్ తేల్చుకోవాలి. నేను చేసేది ఇదీ: పిల్లాడు కౌంటర్ దగ్గర నిలబడి తన ఫోన్లో జీమెయిల్ తెరవాలి. చిరునామా తనే నాకు అక్షరం అక్షరం చదివి చెప్పాలి. నేను అక్కడికక్కడే ఒక మెయిల్ పంపుతాను, సబ్జెక్టులో అతని రోల్ నంబరు తప్ప ఏమీ ఉండదు. అది అతని ఫోన్లో వచ్చిందని చూపించాకే కార్డు మీద స్టాంపు. మెయిల్ రాకపోతే చాలాసార్లు చిరునామాలో అక్షరమో, అంకో తేడా ఉంటుంది. లేదంటే ఫోన్లో స్టోరేజీ నిండిపోయి మెయిల్ యాప్ తీసేసి ఉంటాడు. అడ్మిషన్ల వేళ కౌంటర్ ముందు వరుస పెరుగుతుంది, ఆఫీసులో బడా బాబు (హెడ్ క్లర్కు) విసుక్కుంటారు, పట్టించుకోకండి. ఆ వారం పడిన శ్రమ మూడేళ్లు కాపాడుతుంది.

సొంత ఫోన్ లేని పిల్లలుంటారు. పుట్టాసింగి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర అమ్మాయిలకు చాలాసార్లు అన్నయ్య ఫోనే దిక్కు, అది ఊళ్లో ఉంటుంది. వాళ్లకు ఈమెయిల్ చేసిచ్చేటప్పుడు రికవరీ నంబరుగా అన్నయ్య నంబరు పెట్టడం తప్పదు. పాస్‌వర్డు మాత్రం వాళ్ల నోటుబుక్కు చివరి పేజీలో వాళ్ల చేతే రాయించండి. లైబ్రరీ కంప్యూటర్లో వారానికి ఒక పూట వాళ్లకే వదిలేయండి. సెక్యూరిటీ పుస్తకాలు నోటుబుక్కులో పాస్‌వర్డు రాయొద్దంటాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లు హాస్టల్ జీవితం చూసి ఉండరు.

సభ్యత్వం రెన్యూ చేసిన ప్రతిసారీ అడ్మిన్ పేజీలో ఖాతాల గడువు కూడా చూడండి. కాలేజీ డబ్బు కట్టినా పిల్లాడి ఖాతా గడువు ముగిసిపోయి ఉండొచ్చు. చదువైపోయి వెళ్లిపోయిన బ్యాచ్ పేర్లు తీసేయండి. అలా చేయకపోతే మీ వాడకం లెక్కలు చూసేవాళ్లకు వందల ఖాతాల్లో పదిమందే వాడుతున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్లో మీ కనెక్షనును గుర్తించే అంకెల గొడవ. కొన్ని రిసోర్సులు క్యాంపస్ ఐపీ చూసి వాటంతటవే తెరుచుకుంటాయి, లాగిన్ అక్కర్లేదు. దానికి మీ ఇంటర్నెట్ కనెక్షనుకు స్థిరమైన (స్టాటిక్) పబ్లిక్ ఐపీ ఉండాలి. మామూలు ఫైబర్ ప్లానులో అది ఉండదు, విడిగా అడిగి తీసుకోవాలి. ఒక చిన్న పరీక్ష ఉంది. రౌటర్ సెట్టింగుల్లో "వాన్ ఐపీ" అని కనిపించే అంకెలు, గూగుల్లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికితే వచ్చే అంకెలు ఒకటేనా చూడండి. వేరువేరుగా ఉంటే సర్వీసు ఇచ్చేవాళ్లు మీలాంటి ఎంతోమందిని ఒకే పబ్లిక్ ఐపీ వెనక కూర్చోబెట్టారని అర్థం. ఆ ఐపీని రిజిస్టర్ చేయించడం వల్ల ఉపయోగం లేదు. ఇవాళ ఒకటే ఉన్నా రౌటర్ ఆపి పెట్టి మళ్లీ చూడండి, మారిపోతే అదీ పనికిరాదు. స్టాటిక్ ఐపీ దొరకలేదా, బెంగ వద్దు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ అనే లాగిన్ పద్ధతి ఉంది, దానితో ఇంటి నుంచైనా తెరవొచ్చు. పూజ సెలవుల్లో పిల్లలంతా ఊళ్లకు పోతారు కాబట్టి మనకు నిజానికి ఇదే ముఖ్యం. బయటి నుంచి యాక్సెస్ పేరుతో కంపెనీలు అమ్మే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ల అవసరం మీ స్థాయి కాలేజీకి లేదు.

ఒక హెచ్చరిక. ఎవరైనా డౌన్‌లోడ్ మేనేజర్ పెట్టి ఒక జర్నల్లోని సంచికలన్నీ ఒకేసారి లాగేస్తే ప్రచురణకర్త సిస్టం పసిగట్టి మొత్తం కాలేజీకే యాక్సెస్ ఆపేస్తుంది. మా దగ్గర పీహెచ్‌డీ తొందరలో ఉన్న ఒకాయన అలా చేశారు. తిరిగి తెరిపించడానికి క్షమాపణ లేఖ, వివరణ, ఎదురుచూపు. ఆ రెండు వారాలు స్టాఫ్ రూములో ఆయన్ని చూస్తే అందరూ నవ్వేవారు. లాగిన్ ఇచ్చేటప్పుడే ఈ ముక్క చెప్పి సంతకం తీసుకోండి.

ఇక పిల్లలు నిజంగా ఏం వాడతారు? ప్లస్ త్రీ పిల్లాడు అంతర్జాతీయ జర్నల్ కోసం రాడు. ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు వేళ కొందరు వస్తారు. వాళ్లకు శోధ్‌గంగాలో (పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరికే సైటు) తమ టాపిక్‌కి దగ్గరగా ఉన్న థీసిస్ వెతకడం నేర్పితే చాలు, సగం దారి పడుతుంది. మిగతా ఏడాదంతా వాళ్లు అడిగేది ఒకటే: పోయినేడు పేపరు ఉందా సార్?

అందుకే ప్రశ్నపత్రాలు. లైబ్రరీ పేజీకి జనాన్ని రప్పించేది ఇవే. ఒకసారి పేజీకి రావడం అలవాటైతే పక్కనున్న ఈ-పుస్తకాల లింకు కూడా కంటపడుతుంది. పరీక్షల విభాగంలో కట్టలు కట్టి పెట్టిన పాత పేపర్లు అడిగి తెచ్చుకోండి. యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ప్రిన్సిపాల్ సంతకంతో "విద్యార్థుల ఉపయోగం కోసం మా సైటులో పెడుతున్నాం" అని ఒక లేఖ రాసి, నకలు ఫైల్లో ఉంచుకోండి.

స్కానింగుకు ఫోన్ చాలు, ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే ఇంకా మంచిది. 300 డీపీఐ, రంగు వద్దు, బ్లాక్ అండ్ వైట్. అలా చేస్తే ఒక పేజీ వంద కేబీ లోపే వస్తుంది. రంగులో తీస్తే ఒక్కో పేపరు ఐదారు ఎంబీ అవుతుంది. నువాగడ కొండల్లో ఒక్క గీత సిగ్నలు మీద కూర్చున్న పిల్లాడికి అది తెరుచుకోదు. ఫైలు పేరు దగ్గర మొండిగా ఉండండి. సబ్జెక్టు, పేపరు నంబరు, సెమిస్టరు, సంవత్సరం, ఎప్పుడూ ఇదే వరస, మధ్యలో హైఫను, ఖాళీలు ఉండకూడదు. "స్కాన్ ఫైనల్ కొత్తది 2" అని పేర్లు పెట్టే అటెండరు గారిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి కట్ట మీరే చేసి చూపించండి.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. ఏ సిలబస్ పేపరో రాయాలి. ఒడిశాలో 2024-25 నుంచి డిగ్రీలో కొత్త విద్యా విధానం సిలబస్ వచ్చింది. అంతకుముందుది సీబీసీఎస్ అనే పాత సిలబస్. ఒకే పేరున్న పేపర్లో యూనిట్లు మారిపోయాయి. ఏడాది మాత్రమే చూసి పిల్లాడు పాత సిలబస్ పేపరు బట్టీ పట్టి పరీక్షకు పోతే తిట్టేది మిమ్మల్నే. రెండు సిలబస్‌లకు రెండు వేరు పేజీలు పెట్టండి.

ఒడియాలో, ఇంగ్లిషులో ఉన్న ఈ పేపర్లను ఓసీఆర్ చేస్తే, అంటే బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మారిస్తే, లోపలి మాటలతో కూడా వెతుక్కోవచ్చు. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుకు ఒడియా, తెలుగు రెండూ వచ్చు. తప్పులు పడతాయి, పడనివ్వండి. వెతకడానికి సరిపోతుంది.

వెబ్‌సైటు. విడిగా డొమైన్ కొనొద్దు. మీ కాలేజీకి ఏసీ డాట్ ఇన్ డొమైన్ ఉంటే దాన్ని ఇచ్చేది ఎర్‌నెట్ ఇండియా. ఆ డొమైన్‌లోనే లైబ్రరీ అని ఒక పేజీ అడగండి. కాలేజీ సైటు చూసే ఏజెన్సీ వాళ్లు స్పందించకపోతే గూగుల్ సైట్స్‌లో పేజీ చేసి, కాలేజీ సైటు మెనూలో ఒక్క లింకు పెట్టించండి. అది తాత్కాలికం కాదు, బాగా చేస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. వర్డ్‌ప్రెస్ అనే సైట్లు చేసే సాఫ్ట్‌వేరుతో సొంతంగా పెట్టాలని మీకు ఉత్సాహం ఉండొచ్చు. పెట్టేవాళ్లు చాలామంది, నెలనెలా అప్‌డేట్ చేసేవాళ్లు తక్కువ. అప్‌డేట్ లేని వర్డ్‌ప్రెస్ సైట్లలోకి చొరబడి ఆన్‌లైన్ జూదం పేజీలు పెట్టేస్తారు. హోమ్ పేజీ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి కాలేజీ వాళ్లకు తెలియదు. మీ కాలేజీ సైటు సంగతి ఇవాళే చూడండి. గూగుల్ పెట్టెలో "సైట్" అని ఇంగ్లిషులో కొట్టి, కోలన్ పెట్టి, పక్కనే మీ డొమైన్ పేరు, ఆ తర్వాత ఖాళీ వదిలి "కాసినో" అని కొట్టండి. ఏమైనా తేలితే ప్రిన్సిపాల్ గారికి స్క్రీన్‌షాట్‌తో సహా రాతపూర్వకంగా ఇవ్వండి. మాటగా చెప్తే గాలికి పోతుంది.

పేజీలో ఏం ఉండాలి? ఫోన్ తెరవగానే, వేలితో కిందికి జరపకుండానే కనపడాల్సినవి నాలుగు: ఈ-పుస్తకాల లాగిన్, ప్రశ్నపత్రాలు, పుస్తకం ఉందో లేదో వెతికే పెట్టె, లైబ్రరీ వేళలు. వేళల పక్కన లైబ్రరీ వాట్సాప్ నంబరు, మీ సొంత నంబరు మాత్రం వద్దు. పరిగెత్తే అక్షరాలు, గిరగిరా తిరిగే "న్యూ" బొమ్మలు, రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో, "గ్రంథాలయం జ్ఞాన భాండాగారం" అనే పేరా, ఇవన్నీ అడిగేవాళ్లుంటారు. వాటికోసం కింద "లైబ్రరీ గురించి" అని వేరే పేజీ చేసి అందులో పడేయండి, అందరూ సంతోషంగా ఉంటారు.

భాష దగ్గర మొహమాటం వద్దు. మెనూ ఇంగ్లిషులో ఉన్నా, లాగిన్ ఎలా చేయాలో చెప్పే నాలుగు వాక్యాలు ఒడియాలో ముందు, తెలుగులో తర్వాత ఉండాలి. గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో ఒడియా చదివినవాళ్లు ఎక్కువ. తెలుగు చెవికి అందుతుంది, కంటికి అందదు. అందుకే మేము లాగిన్ విధానాన్ని తెలుగులో ఒక చిన్న ఆడియోగా కూడా పెట్టాం. మా అటెండరు గొంతుతోనే. ఆ యాస పిల్లలకు బాగా నచ్చింది.

ఉచిత లింకులు పెట్టేటప్పుడు ముప్ఫై పెట్టొద్దు, అయిదు పెట్టండి. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల నేషనల్ డిజిటల్ లైబ్రరీ, శోధ్‌గంగా, ఆన్‌లైన్ కోర్సుల స్వయం, పీజీ పాఠాల ఈ-పీజీ పాఠశాల, చూపు సరిగ్గా లేని పిల్లల కోసం సుగమ్య పుస్తకాలయ. ప్రతి లింకు పక్కన అది ఎవరికి, ఎందుకు అని ఒక వాక్యం. సోమవారం పొద్దున్నే కౌంటర్ తెరవకముందు లింకులన్నీ ఫోన్లో నొక్కి చూడండి. లైబ్రరీ వైఫై మీద కాదు, మొబైల్ డేటా మీద. వైఫై మీద తెరుచుకునేది ఇంటి దగ్గర తెరుచుకోకపోవచ్చు.

టెలిగ్రాం గ్రూపుల్లో తిరిగే పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు పిల్లలు వాడతారు, అది మన చేతిలో లేదు. మన పేజీలో మాత్రం పెట్టకూడదు, లింకు కూడా ఇవ్వకూడదు. లెక్చరర్లే "సార్, ఈ పుస్తకం పెట్టేయండి" అని పెన్ డ్రైవ్ ఇస్తారు. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో 2016లో హైకోర్టు చెప్పింది కదా అంటారు. ఆ తీర్పు తరగతి బోధన కోసం పుస్తకాల్లోని భాగాల నకళ్లతో చేసే కోర్సు ప్యాకుల గురించి. పుస్తకం మొత్తాన్ని ప్రపంచమంతా చూసే సైటులో పెట్టుకోమని ఎక్కడా లేదు.

కేటలాగు గురించి. కోహా ఉచితం. 1999లో న్యూజిలాండ్ వాళ్లు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరు, ఇవాళ మన దేశంలో చాలా కాలేజీలు దానిమీదే నడుస్తున్నాయి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్ కూడా ఉంది, దానికి డబ్బు కట్టాలి. ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ ప్రభుత్వ లైబ్రరీలకు. మీకు లినక్స్ అంటే భయం లేకపోతే, లేదా దగ్గర్లో తెలిసిన కుర్రాడుంటే కోహా పెట్టుకోండి. మొదట్లో ఒక్క కంప్యూటర్ మీదే నడపండి, ఇంటర్నెట్‌కు తర్వాత ఎక్కించవచ్చు. రోజూ సాయంత్రం బ్యాకప్ తీసి పెన్ డ్రైవ్‌లో, వారానికోసారి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా?

మన ప్రాంతపు లైబ్రరీల్లో అసలు కష్టం లిపులది. ఒకే బీరువాలో ఒడియా, తెలుగు, ఇంగ్లిషు, హిందీ పుస్తకాలుంటాయి. పాత జాబితాలు ఎవరైనా టైపు చేయించి ఉంటే అవి పాత డీటీపీ ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే చెత్త అక్షరాలు. వాటిని ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చకుండా కోహాలోకి ఎక్కించకండి. పుస్తకం పేరు దాని సొంత లిపిలో ప్రధాన ఫీల్డులో, ఇంగ్లిషు అక్షరాల్లో అదే పేరు 246 ఫీల్డులో (పేరు మరో రూపానికి కేటాయించిన గడి) రాయండి. పిల్లలు ఫోన్లో ఒడియా కీబోర్డు తెరవరు, ఇంగ్లిషు అక్షరాల్లోనే కొడతారు. ఇంకో చిక్కు: కోహాలో జీబ్రా అనే సెర్చ్ భాగం వాడుతుంటే ఇండెక్సింగ్‌ను ఐసీయూ అనే, మన లిపులను చదవగలిగే సెట్టింగుకు మార్చాలి. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు అది మరిచిపోతే ఒడియా, తెలుగు పేర్లు రికార్డులో ఉంటాయి, వెతికితే దొరకవు. మీరు పుస్తకం ఎక్కించలేదని లెక్చరరు గారు అనుకుంటారు.

సవర పుస్తకాలు మీ దగ్గర కూడా కొన్ని ఉండే ఉంటాయి. సవర భాషకున్న సొర సొంపెంగ్ లిపి 1936లో పుట్టింది, 2012లో యూనికోడ్‌లో చేరింది. నోటో ఫాంటు ఉంటే కనిపిస్తుంది, చాలా ఫోన్లలో డబ్బాలు కనిపిస్తాయి. అట్ట ఫొటో పెట్టి, పేరు ఒడియా లిపిలో కూడా రాస్తే పని జరుగుతుంది. సరైన ఉచ్చారణ కోసం సవర పిల్లల్నే అడగండి. మా దగ్గర ఒక అమ్మాయి మేము రాసిన నాలుగు పేర్లు చూసి ముసిముసిగా నవ్వి మూడు దిద్దింది.

ఈ పనులన్నీ గాడిన పడ్డాక చేసే ఇంకో పని ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఒడిశా 1936లో ఏర్పడక ముందు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆనాటి తెలుగు పుస్తకాలు మన వైపు పాత లైబ్రరీల్లో, ఊళ్లలో ఇళ్ల అటకల మీద ఇంకా ఉన్నాయి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండి సవర భాష మీద పనిచేసిన గిడుగు రామమూర్తి గారు 1940లో పోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లే కాపీరైటు, కాబట్టి ఆయన రచనలు 2001 నుంచి అందరివీ. అలాంటివి స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టి, మీ పేజీ నుంచి లింకు ఇవ్వొచ్చు. స్కాన్ చేసినవి దాచి చూపించే డీస్పేస్ లాంటి రిపాజిటరీ సాఫ్ట్‌వేర్లు ఒక్క మనిషికి మోయలేని బరువు, వాటి జోలికి పోకండి. మా తెలుగు బీరువా జాబితా సైటులో పెట్టాక శ్రీకాకుళం వైపు నుంచి పరిశోధకులు ఫోన్ చేసి వచ్చారు. అంతకుముందు ఆ బీరువా తాళం చెవి ఎక్కడుందో కూడా ఎవరికీ పట్టేది కాదు. పాత కాలేజీ మ్యాగజైన్లు కూడా పెట్టొచ్చు కానీ, వాటిలో రాసినవాళ్లు చాలామంది బతికే ఉంటారు, దొరికినవాళ్లని అడగండి.

నాక్ గురించి రెండు మాటలు. కొన్నేళ్లుగా వాడుతూ వచ్చిన మాన్యువల్‌లో లైబ్రరీది 4.2వ భాగం: ఆటోమేషన్, ఈ-రిసోర్సుల చందాలు, ఏటా ఖర్చు, రోజువారీ వాడకం. వీటికి ఆధారాలు అడుగుతారు. ప్రతి నెల మొదటి తేదీన ఎన్-లిస్ట్ వాడకం రిపోర్టు, కోహా ఇష్యూ రిపోర్టు డౌన్‌లోడ్ చేసి నెల పేరుతో ఒక ఫోల్డర్లో వేస్తూ పోండి. బృందం వచ్చే వారం రాత్రిళ్లు కూర్చుని లెక్కలు పుట్టించే అవసరం ఉండదు. పైగా పుట్టించిన లెక్కలు చూడగానే తెలిసిపోతాయి, అన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తాయి.

మీరు రేపు పొద్దున్నే చేయాల్సింది ఒకటి చెప్పి ఆపుతాను. ఎన్-లిస్ట్ అడ్మిన్ లాగిన్ ఎవరి ఈమెయిల్ మీద ఉందో కనుక్కోండి. మీ ముందు పనిచేసిన ఇన్‌ఛార్జి సొంత జీమెయిల్ మీద ఉండే అవకాశం ఎక్కువ, ఆయన రిటైరై విశాఖలో కొడుకు దగ్గర ఉంటారు. ఫోన్ చేసి మర్యాదగా అడిగి మార్పించుకోండి. కుదరకపోతే కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకం, సీలుతో, కొత్త ఇన్‌ఛార్జి పేరు, హోదా రాసి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు మెయిల్ చేయించండి. కొత్తగా పెట్టే ఈమెయిల్ లైబ్రరీ పేరుతో, కాలేజీ డొమైన్ మీద ఉండాలి, మీ పేరుతో వద్దు. దాని రికవరీ నంబరు కాలేజీ ఆఫీసుది. డొమైన్, హోస్టింగు, ఎన్-లిస్ట్, వైఫై, వీటి గడువు తేదీలు నాలుగూ ఒక అట్ట రిజిస్టర్లో రాసి యాక్సెషన్ రిజిస్టర్ (లైబ్రరీకి వచ్చిన పుస్తకాలు నమోదు చేసేది) పక్కన పెట్టండి. ఐపీ పరీక్షలో ఏం తేలిందో, రౌటర్ ఏ కంపెనీదో ఇక్కడే రాస్తే తర్వాత ఏం చేయాలో చెప్తాను.